మా టీవీ బల్ల మీది పక్‌కు బహిరంగ లేఖ

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి పక్కును ఆశీర్వదించి రాయునది ఏమనగా,

వద్దంటున్నా వినకుండా మా అల్లుడు అమెరికాలోని డెట్రాయిట్‌లో ఐస్ హాకీ స్టేడియం దుకాణంలో నిన్ను కొని నా చేతిలో పెట్టినప్పుడు మా ఆవిడ అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. "మాడిపోయిన గారెకి ఇంత రేటా!" అంది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, మొత్తం నల్ల రబ్బరు. మధ్యలో చిల్లు కూడా లేదు, కాబట్టి గారె అనడం కూడా ఎక్కువే. ఇంటికొచ్చాక వంటింటి కాటా మీద పెట్టి చూశాను. 165 గ్రాములు తూగావు. రూలు ప్రకారం 156కీ 170కీ మధ్య ఉండాలట. మా వీధిలోకి వచ్చే కూరగాయల బండి మీద ఇంత నిజాయితీగా తూగిన వస్తువు నాకు ఇంతవరకూ తగల్లేదు.

అప్పట్నుంచీ టీవీ బల్ల మీదే ఉన్నావు. ఇంటికొచ్చినవాళ్ళు "ఏటండీ ఇది?" అంటారు. "ఐస్ హాకీలో బంతి బదులు ఆడేది" అంటాను. "ఓహో" అని కాఫీ గ్లాసు అందుకుంటారు. రెండో ప్రశ్న వేసినవాడు లేడు. ఏడాదిగా ఇదే చూస్తున్నాను గదా, నీకో నిజం చెప్పకపోతే పాపం అనిపించింది. డెట్రాయిట్‌లో మేం ఆట చూసిన ఆ రాత్రి హాల్లో వేలమంది అరిచారు, గంతులేశారు, ఒకరి మీద ఒకరు బీరు ఒలకబోసుకున్నారు. అదంతా మీ వంశం కోసమే అని నువ్వు లోలోపల మురిసిపోతున్నట్టున్నావు. మీ కోసం వచ్చినవాడు అందులో ఒక్కడూ లేడురా నాయనా.

నా సంగతే తీసుకో. టికెట్లు అల్లుడు కొన్నాడు, రెండు జతల సాక్సులు అమ్మాయి తొడిగింది, మంకీ క్యాప్ మాత్రం నా సొంతం. జనవరిలో బీచ్ రోడ్డు వాకింగ్‌కి పెట్టుకునేది. ఐసు చుట్టూ అద్దాల గోడ, దాని వెనక మేం. ఆట మొదలవగానే అల్లుడు "మామయ్యా, పక్ చూశారా?" అన్నాడు. ఎక్కడ అన్నాను. "అదిగో, పక్కన!" అన్నాడు. నా పక్కన ఒక పెద్దాయన పాప్‌కార్న్ తింటున్నాడు.

తెల్లటి నేల, నల్లటి నువ్వు. లెక్క ప్రకారం పెరుగన్నంలో ఆవగింజలా కనబడాలి. కానీ గట్టిగా కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటి పోతావట. నేను ఇటు చూసేసరికి నువ్వు అటు. ఇక నాకు తోచిన దారి ఒకటే, ముందువరసలో వాళ్ళ తలలు ఎటు తిరిగితే నాదీ అటు తిప్పాను. వాళ్ళు లేస్తే లేచాను. ఎర్ర లైటు వెలిగి, భోంయ్‌మని హారన్ మోగాక "గోల్!" అని అరిచాను. ఎవరు కొట్టారో పైనున్న పెద్ద తెర మీద మళ్ళీ చూపించాక తెలిసింది. మా ఆవిడ నాకంటే ముందే అరిచింది. ఏం చూసి అరిచావే అంటే, "ఎదురుగుండా ఆ ఎర్రచొక్కా పిల్ల ఏడుపు ఆపి నవ్విందండీ" అంది.

ఇది నా కళ్ళ దోషం అనుకోకు. టీవీలో నువ్వు కనబడటం లేదని 1996లో అమెరికాలో ఫాక్స్ చానెల్ వాళ్ళు నీ కడుపు కోసి, లోపల ఎలక్ట్రానిక్ సరంజామా పెట్టి, తెర మీద నీ చుట్టూ నీలం వెలుగు వచ్చేలా చేశారు. గట్టిగా కొడితే వెనకాల ఎర్రటి తోక. దీపావళికి తారాజువ్వ వదిలినట్టు. హాకీ పాతకాపులు మండిపడ్డారు. 1998తో ఆ ముచ్చట ముగిసిపోయింది. చూశావా, కనబడనంతకాలం ఎవరూ ఏమీ అనలేదు, కనబడగానే గొడవ.

తమాషా ఏమిటంటే నువ్వు పుట్టిందే ప్రేక్షకుల కోసం. 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో, నాలుగు గోడల మధ్య, మొదటిసారి పద్ధతిగా ఈ ఆట ఆడారు. బంతి అయితే ఎగిరొచ్చి చూసేవాళ్ళ మొహాలు పగలగొడుతుందని, దాని బదులు చదునైన గుండ్రటి చెక్కముక్క పెట్టారు. ఆయనే మీ ముత్తాత. ఇప్పటికీ ఆటకు ముందు నిన్ను గడ్డకట్టేదాకా చల్లబెడతారు, ఎగరకుండా జారుతూ పోవాలని. మా హార్బర్‌లో వంజరాన్ని ఐసులో కప్పెట్టినట్టే. అయినా ఒక్కోసారి ఎగురుతావు. 2002లో కొలంబస్‌లో ఆట చూడ్డానికి వచ్చిన పదమూడేళ్ళ పిల్ల నీ దెబ్బకు చనిపోయింది. ఆ తర్వాతే గోల్స్ వెనకాల ఎత్తుగా వలలు కట్టించారు. మేం కూర్చున్నది అలాంటి వల వెనకే. దాని మీద వెటకారం చెయ్యను.

ఇంతకీ పాప్‌కార్న్ పెద్దాయన. నీలం చొక్కా, అంటే టొరంటో పక్షం. నది దాటి కెనడా నుంచి మనవణ్ణి వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. టొరంటో 1967 తర్వాత లీగ్ కప్పు కొట్టిన పాపాన పోలేదు. చుట్టూ ఎర్రచొక్కాల డెట్రాయిట్ జనం. వీళ్ళ జట్టు 2016 తర్వాత ఏళ్ళ తరబడి ప్లేఆఫ్, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీల, గడప తొక్కలేదు. దొందూ దొందే. గెలుపు చూడటానికే జనం వచ్చేటట్టయితే ఆ హాలు ఈపాటికి గోడౌన్ అయిపోయేది. ఎందుకొచ్చారో అడగమని అల్లుణ్ణి పురమాయించాను. "మా నాన్న తీసుకొచ్చేవాడు" అన్నాడట. అంతే, మళ్ళీ పాప్‌కార్న్‌లో పడ్డాడు.

ఆ మాటతో ఆయన నాకు అచ్చం మా ఊరి మనిషిలా కనబడ్డాడు. చందనోత్సవం రోజు సింహాచలంలో గంటలకొద్దీ లైన్లో నిలబడి, అప్పన్న స్వామి ముందు నాలుగు సెకన్లు ఉండి, "జరగండి జరగండి" అంటే జరిగి, బయటికొచ్చి మజ్జిగ తాగుతున్నవాణ్ణి "ఏం కనిపించింది?" అని అడుగు. "మా నాన్న ఏటా వచ్చేవాడండీ" అంటాడు.

ఆట రెండో భాగంలో, వాళ్ళ భాషలో రెండో పీరియడ్‌లో, అసలు సంగతి బయటపడింది. ఇద్దరు ఆటగాళ్ళు గ్లవ్స్ విదిలించి కింద పడేసి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. రిఫరీలు విడదీస్తారనుకున్నాను. చేతులు కట్టుకున్నంత పని చేశారు, ఒకడు కింద పడేదాకా. హాట్‌డాగ్ కోసం వెళ్ళినవాళ్ళు సగం కొరికిన హాట్‌డాగ్‌తో పరిగెత్తుకొచ్చారు. పంతొమ్మిది వేల మంది పట్టే హాలంతా లేచి నిలబడింది. శిక్ష ఏమిటో తెలుసా? చెరో ఐదు నిమిషాలు అద్దాల గదిలో కూర్చోవడం, అంటే అందరికీ ఇంకా బాగా కనబడేలా. ఆ సమయంలో నువ్వెక్కడున్నావో ఎవరికీ పట్టలేదు. జగదాంబ జంక్షన్‌లో బైకుకి బైకు తగిలి ఇద్దరు కాలర్లు పట్టుకుంటే నలభై మంది పని మానుకుని చూస్తారు, మేం దానికి టికెట్టు పెట్టలేదు, అంతే తేడా. 2003లో రాడ్నీ పాల్ అనే ఆర్థికశాస్త్రవేత్త అక్కడి హాకీ లీగ్‌లో ప్రేక్షకుల హాజరు లెక్కలు తీసి, కొట్లాటలు ఎక్కువైతే జనం కూడా ఎక్కువ వస్తున్నారని తేల్చాడు. ఈమధ్య కొట్లాటలు బాగా తగ్గాయని మా అల్లుడు అన్నాడు. బాధగానే అన్నాడు.

బ్రేకులో అయినా జనం కదులుతారేమో అనుకున్నాను. కదల్లేదు. ఐసు చదును చేసే బండి ఒకటి వచ్చి, మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరులా నింపాదిగా చుట్లు కొడుతుంటే, దాన్ని కూడా కళ్ళార్పకుండా చూశారు. ఆ బండి కనిపెట్టింది ఫ్రాంక్ జాంబోనీ, 1949లో. ఆయన కుటుంబానిది మొదట్లో ఐసు దిమ్మల ఫ్యాక్టరీ. ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చి ఆ వ్యాపారం పడిపోతే స్కేటింగ్ రింక్ పెట్టుకున్నారు. మా హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీల వాళ్ళకి ఇలాంటి ఆలోచన రాకపోవడం మన అదృష్టమో దురదృష్టమో తెలీదు. దిమ్మ రిక్షా ఎక్కేలోపే సగం కారిపోయే ఊరు మాది.

ఆక్టోపస్ సంగతి చెబితే హార్బర్‌లో నన్ను నమ్మరు. 1952 ఏప్రిల్ 15న పీట్, జెర్రీ కుజిమానో అనే అన్నదమ్ములు, డెట్రాయిట్‌లో చేపల వ్యాపారులు, ఒక ఆక్టోపస్‌ను తెచ్చి ఐసు మీదికి విసిరారు. అప్పట్లో కప్పు చేతికి రావాలంటే ప్లేఆఫ్‌లలో ఎనిమిది ఆటలు గెలవాలి, దానికి ఎనిమిది కాళ్ళు. ఆ ఏడాది డెట్రాయిట్ వరసగా ఎనిమిదీ గెలిచింది. ఇక చెప్పాలా, ఆ అలవాటు ఇంకా పోలేదు. చొక్కాలోపల ఆక్టోపస్ దాచుకుని వచ్చినవాడు నిన్ను చూస్తాడా, దాన్ని చూసుకుంటాడా?

మా ఆవిడకి మాత్రం ఇది వింత అనిపించలేదు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం. పైడితల్లి జాతరలో సిరిమాను మీదికి అరటిపళ్ళు విసిరిన చెయ్యి. "విసిరితే మనం కూడా అందులో ఉన్నట్టు ఉంటుంది కదండీ" అంది. హాట్‌డాగ్‌లో ఆవాల ముద్ద ఎందుకు పెడతారో అర్థం కాలేదని కూడా అంది, అది వేరే లేఖ.

ఈ విషయం మీద ప్రొఫెసర్లు పెద్ద పెద్ద ప్రశ్నపత్రాలే తయారుచేశారు. డేనియల్ వాన్ అనే అమెరికా సైకాలజిస్టు 1995లో ఆటల అభిమానులు ఎందుకు చూస్తారో కొలిచే స్కేలు ఒకటి చేశాడు. కారణాలు ఎనిమిది, ఆక్టోపస్ కాళ్ళలాగే. ఒంటికి హుషారెక్కించే టెన్షన్ కావాలని కొందరు. మనవాళ్ళు గెలిస్తే మనకీ కాలర్ ఎగురుతుందని కొందరు. ఇంట్లో గోల, ఆఫీసులో గోల కాసేపు మర్చిపోదామని కొందరు. ఉత్త కాలక్షేపం, పందెం డబ్బులు, ఆటలోని అందం, నలుగురితో కలిసి ఉండటం, పెళ్ళాంపిల్లలతో గడపటం. నేను రెండుసార్లు వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. అందులో నీ పేరు లేదు. అందం అనే దగ్గర కాస్త ఆశ పెట్టుకోవచ్చు, కానీ అద్దంలో చూసుకుని చెప్పు.

రెండో కారణం సంగతి వైజాగ్ వాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. ఆ రోజు నేను అక్కడ ఉన్నానని చెప్పేవాళ్ళు ఇప్పటికీ రోజుకొకరు పుట్టుకొస్తున్నారు. అందరూ నిజంగా వచ్చి ఉంటే స్టేడియం గోడ భీమిలి దాకా జరపాల్సి వచ్చేది. నేను నిజంగానే వెళ్ళాను. ఒక సిక్సర్ వెళ్ళేటప్పుడు నీళ్ళ ప్యాకెట్ల లైన్లో ఉన్నాను, ఇంకోటి వెళ్ళేటప్పుడు ముందున్నవాడి జెండా నా మొహం మీద ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి "ఉతికేశాం" అన్నాను. ఎవరం? నేను ఉతికింది మర్నాడు చెమటకంపు కొట్టే చొక్కా. 1976లో రాబర్ట్ చాల్డినీ అనే ఆయన అమెరికా కాలేజీల్లో ఇదే పట్టుకున్నాడు. కాలేజీ జట్టు గెలిస్తే సోమవారం నాడు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్ళు పెరిగారు. గెలిస్తే "మేం గెలిచాం", ఓడితే "వాళ్ళు ఓడిపోయారు". మన భాషలో అయితే "మనం" అనే మాట చేతికి అందుబాటులో ఉంది, ధోనీని కూడా అందులో కలిపేసుకోవచ్చు.

నీ మనసు కష్టపెట్టానని, కనీసం మన దేశంలోనైనా నీ కోసం వచ్చేవాళ్ళు ఉంటారేమో వెతికాను. లద్దాఖ్‌లో చెరువులు గడ్డకట్టాక ఆడతారు. చూసేవాళ్ళు ఉన్ని దుస్తుల్లో ఒడ్డున నిలబడతారు. అక్కడి అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ చలిలో ఒడ్డున నిలబడ్డ తల్లి ఎవర్ని చూస్తుందంటావు? నిన్నా, కూతుర్నా?

మొన్న ఆదివారం సంగతి నీకు తెలుసు, అయినా నీవైపు నుంచి సరిగ్గా చూసి ఉండవు కాబట్టి చెబుతున్నాను. కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు నలుగురు నిన్ను టీవీ బల్ల మీంచి ఎత్తుకుపోయి, అప్పుడే కడిగిన కారిడార్ గ్రానైట్ మీద ఆట పెట్టారు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాట్, ఒకడి చేతిలో నా వాకింగ్ స్టిక్, మిగతా ఇద్దరివి చీపుళ్ళు. రెండు నిమిషాల్లో పక్క ఫ్లాటావిడ గుమ్మంలోకి వచ్చింది. పైఅంతస్తు వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. ఎవరో మరమరాల మిక్చర్ పట్టుకొచ్చారు. నేను వరండాలో కుర్చీ వేసుకున్నాను. పిల్లలు జారి పడుతున్నారు, తోసుకుంటున్నారు, "ఫౌల్ ఫౌల్" అని అరుచుకుంటున్నారు, మేమూ అరుస్తున్నాం.

నువ్వు అప్పటికి ఐదు నిమిషాలుగా చెప్పుల స్టాండు కింద ఉన్నావు.

వాచ్‌మన్ కింద నుంచి పరిగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎవులు గెలుస్తన్నారు బాబూ?"

"మనవాళ్ళే" అన్నాను.

ఇట్లు,
టీవీ బల్ల యజమాని