కొండ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఊరి వాటా సంగతేంటి?

అనంతపురం జిల్లాలో గాలిమరల కొండ కింద ఒక ఊరు. ఊరి పేరు, కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు జీపులో వచ్చి ఆ ఒక్క ఊరికి ఫిల్టర్ మార్చి ఫోటో దిగి వెళ్ళిపోతారు, మిగతా ఊళ్ళ గతి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మా విలేకరి మొన్న అక్కడ చూసొచ్చింది ఇదీ. బడి పక్కన ఒక చిన్న గది, గోడ మీద నీలం రంగు కంపెనీ బోర్డు, తలుపుకి తుప్పు పట్టిన తాళం, కిటికీలోంచి చూస్తే ఖాళీ ఇరవై లీటర్ల క్యాన్లు ఒకదాని మీద ఒకటి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. అది మంచినీళ్ళ ప్లాంట్. ఓపెనింగ్ రోజు రిబ్బన్ కట్ చేస్తే పేపర్లో ఫోటో వచ్చింది, మేమూ వేశాం, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. ఏడాదిన్నర నడిచింది, ఫిల్టర్ పోయింది, ఆగిపోయింది. సర్పంచ్ సైట్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగితే వచ్చిన జవాబు, ఈ ఏడాది సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) బడ్జెట్ అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం అని. ఆ వచ్చే ఏడాది వచ్చి వెళ్ళిపోయింది కూడా. ఇప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు పక్కూరి నుంచి ఆటోలో వచ్చే క్యాన్ డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు, పైన కొండ మీద ఫ్యాన్లు (అక్కడ గాలిమర అని ఎవరూ అనరు, ఫ్యాన్ అనే అంటారు) రాత్రీ పగలూ తిరుగుతూనే ఉన్నాయి.

తాళం కన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ 'చూద్దాం' అన్న మాట. ఆ మాట అన్న ఉద్యోగి చెడ్డోడని మేం అనట్లేదు, అతని చేతిలో ఏమీ లేదు. ఊరి కొండ మీద కరెంటు తీస్తున్నందుకు మెగావాట్‌కి ఇంత అని లెక్కగట్టి, ఏటా ఫలానా తారీకు లోపు పంచాయతీ ఖాతాలో వేసి తీరాలి అనే రూల్ మన దగ్గర లేదు. రూల్ లేని చోట ఇస్తే దయ, ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. ఈ సంపాదకీయంలో మేం చెప్పదల్చుకున్నది ఇదొక్కటే, ఎన్నిసార్లైనా చెప్తాం.

ఒక్క ఫ్యాన్ లెక్క చూద్దాం. 2 మెగావాట్ల ఫ్యాన్ ఒక మోస్తరు గాలికి ఏడాదికి అటూఇటూగా 40 లక్షల యూనిట్లు ఇస్తుంది. 2015 తర్వాత మన రాష్ట్రంలో పెట్టిన చాలా ఫ్యాన్లకి యూనిట్‌కి 4 రూపాయల 84 పైసల రేటు, అదీ 25 ఏళ్ళ అగ్రిమెంట్ మీద. అంటే ఒక్క ఫ్యాన్ మీద ఏడాదికి దగ్గర దగ్గర 2 కోట్లు. అందులోంచి యూనిట్‌కి 2 పైసలు, రెండంటే రెండే పైసలు, ఊరికి పక్కన పెడితే ఫ్యాన్‌కి 80 వేలు వస్తాయి. కొండ మీద ఇరవై ఫ్యాన్లుంటే ఏడాదికి 16 లక్షలు, ఏటా, ఎవరి గడప తొక్కకుండా. ఇది తెలిశాక కూడా ఆ ఊరి సర్పంచ్ ఒక ఫిల్టర్ కోసం మూడుసార్లు తిరిగాడంటే చదివేవాళ్ళకే మండుతుంది, ఆయనకి ఎలా ఉండాలి.

సీఎస్ఆర్ ఉంది కదా అంటారు. ఉంది, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. కానీ అది అన్ని కంపెనీలకీ వర్తించదు, లాభం 5 కోట్లు దాటాలి, లేదంటే టర్నోవరో నెట్ వర్తో వందల కోట్లలో ఉండాలి. ఈ రంగంలో ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో కంపెనీ విడిగా రిజిస్టర్ చేయడం మామూలే, దాని నెత్తిన బ్యాంకు లోన్, వడ్డీ, మెషిన్ల తరుగుదల అన్నీ పడ్డాక కాగితం మీద లాభం ఎంత మిగులుతుందో, అసలు మిగులుతుందో లేదో ఊళ్ళో వాళ్ళకి ఎవరు చెప్తారు. పోనీ మిగిలింది, ఆ డబ్బు ఈ ఊళ్ళోనే పెట్టాలా అంటే అదీ లేదు. చట్టంలో స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని రాసుంది గానీ అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదని కేంద్రమే 2021లో వివరణ ఇచ్చేసింది. గాలి అనంతపురం జిల్లా బెళుగుప్పలో వీస్తే ఆ 2 శాతం ముంబైలో ఖర్చు పెట్టినా చట్టం దృష్టిలో తప్పు కాదన్నమాట.

మరి ఇది దేశంలో ఎక్కడా లేని కోరికా? గనుల సంగతి చూడండి. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా మినరల్ ఫౌండేషన్ పెట్టారు, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే 10 శాతం ఆ జిల్లా ప్రభావిత ఊళ్ళ కోసం కట్టి తీరాలి. దాన్ని ఖర్చు పెట్టే తీరు మీద మాకు వంద ఫిర్యాదులున్నాయి, అది వేరే రోజు రాస్తాం, కానీ కట్టడం మాత్రం చట్టం. జల విద్యుత్తు తీసుకోండి, 2008 కేంద్ర పాలసీలో 1 శాతం కరెంటు అదనంగా స్థానిక అభివృద్ధి నిధికి అని పెట్టారు, ప్రాజెక్టు వల్ల నష్టపోయిన కుటుంబానికి పదేళ్ళపాటు నెలకి 100 యూనిట్లు కూడా. నీళ్ళకి వాటా ఉంది, రాయికి వాటా ఉంది, గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూద్దాం. ఎందుకు? గాలి మీద ఎవరికీ పట్టా లేదనా? కొండ మీద మేత ఉంది కదా, ఆ కొండ ఎక్కే దారి ఊరి దారే కదా, క్రేన్లు, పొడుగు ట్రైలర్లు తిరిగి పాడైంది ఊరి రోడ్డే కదా.

స్కాట్లాండ్‌లో ఏం చేస్తున్నారో చెప్పాలి, ఎందుకంటే ఫారిన్ పెట్టుబడుల కోసం దేశాలు తిరిగొచ్చే మన నాయకులు ఈ ఒక్క విషయం మాత్రం చూసి రారు. అక్కడి ప్రభుత్వం పదేళ్ళ పైనుంచి చెప్తున్న లెక్క, ఒక్కో మెగావాట్‌కి ఏడాదికి 5 వేల పౌండ్లు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ, ధరలు పెరిగేకొద్దీ అదీ పెరగాలి. మన డబ్బుల్లో 5 లక్షల పైమాటే. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో చాలా చోట్ల ఆ ఊరివాళ్ళే కమిటీగా కూర్చుని తేలుస్తారు. ఊరి హాలు కప్పు రిపేరు, చిన్నపిల్లల ప్లేగ్రూపు, పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యాను, ఊళ్ళో కుర్రాడికి పని నేర్పే చోట జీతం, చిన్న కొట్టు మూతపడకుండా నిలబెట్టడానికి గ్రాంటు, ఇలాంటివి. పెద్ద పెద్ద మాటలేం లేవు, ఊరికి కావాల్సినవే.

ఫింట్రీ అని ఒక చిన్న ఊరుంది అక్కడ. కంపెనీ కొండ మీద 14 ఫ్యాన్లు పెడతామని వస్తే ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పకుండా పదిహేనోది మా కోసం పెట్టండి అని బేరం ఆడారు, సాధించారు. ఆ ఒక్క ఫ్యాన్ మీద వచ్చిన డబ్బుతో 2007లో పెట్టుకున్న ఊరి ట్రస్టు ఇంటింటికీ వెళ్ళి చలి లోపలికి రాకుండా గోడలకి, అటకలకి ఇన్సులేషన్ వేయించింది, కరెంటు ఖర్చులు తగ్గించింది. గీహా అనే దీవిలో జనం ఇంకో అడుగు ముందుకేశారు, 2002లో దీవినే కొనుక్కున్నారు, తర్వాత మూడు సెకండ్ హ్యాండ్ ఫ్యాన్లు తెచ్చి పెట్టుకుని వాటికి డాన్సింగ్ లేడీస్ అని పేరు పెట్టుకున్నారు. ఊరే సొంతంగా ఫ్యాన్లు పెట్టుకుంటే ఊరికి మిగిలేది ఆ 5 వేల పౌండ్లకి 34 రెట్లు ఉంటుందని 2021లో అక్కడే ఒక స్టడీ లెక్కతేల్చింది. డెన్మార్క్ అయితే 2008లో చట్టమే చేసింది, కొత్త ప్రాజెక్టులో కనీసం 20 శాతం షేర్లు ముందు నాలుగున్నర కిలోమీటర్ల లోపు జనానికి అమ్మజూపాలని, 2020 దాకా ఆ రూల్ నడిచింది. జర్మనీలో యూనిట్‌కి 0.2 సెంట్ల దాకా చుట్టుపక్కల మున్సిపాలిటీలకి ఇవ్వొచ్చని కరెంటు చట్టంలోనే రాసుకున్నారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. స్కాట్లాండ్ పద్ధతి కూడా చట్టం కాదు, ప్రభుత్వం సలహా, కంపెనీల ఒప్పుకోలు. అందుకే అక్కడా పేచీలున్నాయి, అందుకే 2025లో బ్రిటన్ ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేద్దామా అని అభిప్రాయాలు అడిగింది. అంత పద్ధతిగా నడిచే చోటే స్వచ్ఛందం అన్న మాట చాలట్లేదని వాళ్ళకి అనిపిస్తోంటే, మన దగ్గర సర్పంచ్‌కీ సైట్ ఇంచార్జ్‌కీ ఉన్న పరిచయం మీద ఊరి నీళ్ళు ఆధారపడటం ఏంటి?

కంపెనీలు చెప్పే మాట మాకు తెలుసు, భూమి ఇచ్చిన రైతుకి డబ్బు ఇచ్చాం, వాచ్‌మెన్ ఉద్యోగాలిచ్చాం, ఇంకా భారం వేస్తే కరెంటు రేటు పెరుగుతుంది, పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుంది అని. రేట్ల పోటీ నిజమే, కాదనం. కానీ యూనిట్‌కి 2 పైసల దగ్గర ఆగిపోయే పెట్టుబడి ఏదో మాకు చూపించండి. భూమి డబ్బు భూమి ఉన్నోడికి వచ్చింది. గొర్రెలు తోలుకుని ఆ కొండెక్కేవాడికి పట్టా లేదు, వాడికేం వచ్చింది? అదే ఊరి రోడ్డు మీద హోటల్ నడిపే ఆమె మా విలేకరితో చెప్పిన సంగతి వినండి. క్రేన్లు ఉన్నన్నాళ్ళు రోజుకి ఎనభై మందికి టిఫిన్ పెట్టింది, అప్పు చేసి ఫ్రిజ్ కొంది, రేకుల షెడ్డు వేసింది. ఫ్యాన్లు నిలబడ్డాయి, జనం వెళ్ళిపోయారు, అప్పు మిగిలింది. ఆమెలాంటి వాళ్ళకి, అదే ఊళ్ళో శనక్కాయ చిక్కీలు చేసి అమ్ముకుందామని మెషిన్ కోసం ఎదురుచూస్తున్న పొదుపు సంఘానికి, ఏటా వచ్చే ఊరి నిధి ఒకటుంటే చిన్న పెట్టుబడి దొరికేది. ఒకసారి కట్టి వదిలేసే గదులు, గోడకి బోర్డులు వీళ్ళ వ్యాపారాన్ని నిలబెట్టవు.

ఇంకో సంగతి గుర్తు చేయాలి. 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఈ గాలి కరెంటు రేట్లు ఎక్కువున్నాయని తగ్గించబోతే కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి, 2022 మార్చిలో గెలిచాయి, అగ్రిమెంట్ రేటే కట్టమని కోర్టు చెప్పింది. సరే, కాగితం మీద రాసుకున్న మాటకి విలువుండాలి, మేమూ అదే అంటాం. మరి ఊరి చేతిలో కాగితం ఏది? కంపెనీకి 25 ఏళ్ళ భరోసా రాసిచ్చిన అదే సర్కారు ఊరికి ఒక్క లైను రాసివ్వలేదు. అప్పటి ప్రభుత్వమూ రాయలేదు, దాని ముందుదీ రాయలేదు, ఇప్పటిదీ ఆ దారిలోనే ఉంది.

తొందర ఎందుకంటే, మొన్నటిదాకా మన రాష్ట్రంలో పెట్టింది 4 వేల మెగావాట్ల పైచిలుకే. 2024 అక్టోబర్‌లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో ఒక్క గాలి కరెంటే 35 వేల మెగావాట్లు టార్గెట్ పెట్టుకున్నారు, అంటే ఇప్పుడున్నదానికి ఎనిమిది రెట్లకి పైన. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లిలో 22 వేల కోట్ల ప్రాజెక్టుకి శంకుస్థాపన కూడా అయిపోయింది, గాలి, సోలార్, బ్యాటరీలు అన్నీ కలిపి. పెట్టుబడి రావాలి, మాకు సంతోషమే, కరువు సీమలో గాలైనా డబ్బు తెస్తోంది. కానీ ఈ ఫైళ్ళన్నీ ఊరి వాటా అన్న లైను లేకుండా సంతకాలైపోతే అదే ఆనవాయితీ అయి కూర్చుంటుంది. తర్వాత అడిగితే ముందు పెట్టినోళ్ళకి లేనిది మాకెందుకు అని కొత్త కంపెనీ అంటుంది, ఆ మాటలో తప్పు పట్టలేం. ఒక్కసారి అలవాటైన దయ మళ్ళీ హక్కుగా మారడం ఎంత కష్టమో పోలవరం కింద మునిగే ఊళ్ళ వాళ్ళని అడిగితే చెప్తారు, నష్టపరిహారం కోసం ఎన్నేళ్ళు తిరిగారో.

కాబట్టి కొత్త అనుమతి ఇచ్చే ప్రతి కాగితంలో మెగావాట్ లెక్కో యూనిట్ లెక్కో ఊరి వాటా రాయాలి, 4 వేల మెగావాట్ల పాత ఫ్యాన్ల కంపెనీలని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ డబ్బు కలెక్టర్ ఆఫీసు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోకూడదు, నేరుగా పంచాయతీ విడి ఖాతాలో పడాలి, ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అన్నది గ్రామసభలో చదివి పంచాయతీ గోడ మీద రాయాలి, పొదుపు సంఘాలవాళ్ళు, కాపర్లు, భూమి లేనివాళ్ళు ఆ కమిటీలో కూర్చోవాలి. సర్పంచ్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కలిసి తేల్చుకునే వ్యవహారంగా మారితే అదీ మాకొద్దు.

ఇంధన శాఖ మంత్రి గారూ, జిల్లా ఎమ్మెల్యేలూ, మీరు శంకుస్థాపనలకి ఆ కొండలెక్కుతారు, హెల్మెట్ పెట్టుకుని ఫోటో దిగుతారు. ఈసారి దిగేటప్పుడు కింద ఊళ్ళో ఆ బడి పక్కన కారు ఆపండి. తాళం ఎవరి దగ్గరుందో ఊళ్ళో ఎవరికీ తెలీదు, పగలగొట్టాల్సిందే. లోపల ఆ క్యాన్లని ఒకసారి చూసి, ఆటో వచ్చేదాకా అక్కడే నిలబడి, క్యాన్ కొనుక్కోడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు చెప్పండి, గాలికి వాటా ఎందుకు రాయలేకపోయారో.