మోకాళ్లకు రెండేళ్ల నోటీసు

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసే రిటైర్డ్ సార్లకు కొత్త టెన్షన్ పట్టుకుంది. సర్కారు ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే ఆరోగ్య కార్డు, అంటే ఈహెచ్ఎస్ కార్డు, ఏ దవాఖానలో నడుస్తదో కౌంటర్ దగ్గర నిలబడితే తప్ప తెలియదు. కాబట్టి పైన ఇంకో ఆరోగ్య బీమా పాలసీ ఉండాలి. అమ్మే అబ్బాయి మూడో రౌండ్‌లోనే దొరుకుతాడు.

అబ్బాయి షరతులు ఇవి: కంటిలో పొరకు, మోకాలి మార్పిడికి రెండేళ్లు ఆగాలి. పాత షుగర్‌కు, బీపీకి మూడేళ్లు. ఇంతకుముందు నాలుగు ఉండేది, 2024లో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ దయతలచి తగ్గించింది. మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప ఏదీ చెల్లదు. కాబట్టి జ్వరం వచ్చేలా ఉంటే, స్కూటర్ మీది నుంచి పడటం ఉత్తమం.

61 ఏళ్లకు రిటైరైన హెడ్మాస్టర్లకు ఇదేం పెద్ద పని కాదు. అవయవాలన్నిటినీ వరండాలో ప్రేయర్‌కు నిలబెట్టాలి. "ఎడమ మోకాలూ, రెండేళ్ల దాకా అరగొద్దు. కుడి కన్నూ, నీ పొరకు ఇంకా మంజూరు రాలేదు." ప్రోస్టేట్ సందేహం అడగడానికి లేస్తుంది. "మాటిమాటికి లేవడం నీకు అలవాటే, కూర్చో!"

ఒక హద్దు దాటిన ఖర్చుకే డబ్బిచ్చే టాపప్ పాలసీ అయితే చవక. ఆ హద్దు పేరు డిడక్టిబుల్. 5 లక్షల డిడక్టిబుల్ అంటే ఆ 5 లక్షల దాకా భారం మనది. మామూలు టాపప్‌లో అయితే, దవాఖానలో చేరిన ప్రతిసారీ బిల్లు అది దాటాలి. ఏడాదిలో మూడుసార్లు చేరి మూడేసి లక్షలైతే, 9 లక్షలూ సారువే. సూపర్ టాపప్ అయితే ఏడాది ఖర్చంతా కలిపి లెక్కేస్తారు. కనుక మామూలు టాపప్ తీసుకున్న సార్లు జబ్బులను కూడబెట్టుకుని ఒకేసారి చేరాలని మనవి.

ఇక గది కిరాయి. కొన్ని పాలసీల్లో రోజుకు బీమా మొత్తంలో 1 శాతమే ఇస్తారు, 5 లక్షలకు 5 వేలు. ఆ రోజు ఖాళీగా ఉన్నది 10 వేల గది. ఐసీయూ నుంచి బయటికొచ్చిన తండ్రిని కారిడార్‌లో పడుకోబెట్టలేక కొడుకు సంతకం పెడతాడు. గది కిరాయి హద్దుకు రెట్టింపు గనుక, డిశ్చార్జ్ నాడు కోత గదికే కాదు, డాక్టర్ ఫీజుకూ, థియేటర్ చార్జీకీ సగం. గది పెద్దదైతే కోసే కత్తి కూడా పొడుగైందా? ఈ ఒక్క లైను గ్రౌండ్‌లో ఎందుకు చెప్పరు? చెప్తే అమ్ముడుపోదు గనుక. బతుకంతా పిల్లలకు శాతాలు నేర్పిన మనిషిని అదే శాతంతో ముంచడానికి సిగ్గుండాలి!

పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వాపసు ఇవ్వొచ్చు. ఎలాగూ ఆ 30 రోజులు జబ్బుపడే హక్కు లేదు గనుక, అద్దాలు తుడుచుకుని తీరిగ్గా చదువుకోండి సార్.