సవరణ: సీసం ఏప్రన్ విషయంలో నా రెండు పొరపాట్లు

పంటి ఎక్స్‌రేకు, కిరణాలు తగలకుండా ఒంటిపై కప్పే సీసం ఏప్రన్, మెడకు చుట్టే థైరాయిడ్ కాలర్ ఇక వేయక్కర్లేదన్న మాట అమెరికన్ డెంటల్ అసోసియేషన్‌తో మొదలైందని మొన్న రాశాను. కాదు. ఆ సంఘం చెప్పింది 2024 ఫిబ్రవరిలో. అంతకుముందే, 2023లో, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ రేడియాలజీ ఇదే సిఫార్సు చేసింది. దంత రేడియాలజిస్టుల సొంత సంఘాన్నే మరిచిపోవడం, ఏం చెప్పాలి, సిగ్గుగానే ఉంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. గర్భిణులకు మాత్రం ఏప్రన్ తప్పనిసరి అన్నాను. సిఫార్సులో అలాంటి మినహాయింపు లేదు. నా పాత అలవాటును నియమంగా రాసేశాను. ఎక్స్‌రే కిరణం పొట్టవైపు పోదు. లోపలికి చేరే కొద్దిపాటి కిరణాలు కూడా చాలావరకు శరీరంలోనే చెదిరినవి, వాటిని పైన కప్పిన సీసం ఆపలేదు. పైగా కాలర్ అడ్డొచ్చి, దవడలు మొత్తం ఒకేసారి కనిపించే పానోరమిక్ ఫిల్మ్ పాడైతే మళ్లీ తీయాలి, అంటే డోసు రెండింతలు. కిరణాన్ని దీర్ఘచతురస్రంగా కుదించే కాలిమేటర్ వాడితే నిజంగా డోసు తగ్గుతుంది.

ఒకటి మాత్రం మారలేదు: మీ దగ్గర చట్టం ఏప్రన్ వేయమంటే వేయాల్సిందే.