సుకన్యకి వెయ్యి

మా అక్క స్కూలు ఉద్యోగం మానేసి పాపతో ఇంట్లో ఉండటం మొదలుపెట్టాక, బ్రాడీపేటలోని ఆ రెండు గదుల వాటాలోకి ఒక లెక్కల పుస్తకం వచ్చింది. బావకి ఆ పుస్తకమంటే హడలు. అలాంటిది మొన్న ఆదివారం పొద్దున్నే దాన్ని చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నా పళ్ళెంలో పెసరట్టు సగమే అయింది కాబట్టి నేను లేచి వెళ్ళలేకపోయాను.

"లతా, ఈ సుకన్య ఎవరు?"

"ఏ సుకన్య?"

"అయిదో తారీఖు, సుకన్య, వెయ్యి. కిందటి నెలా అంతే. అంతకు ముందు నెలా అంతే."

"ఓ, అదా. అయిదు దాటాక ఇస్తే ఆ నెల లెక్కలోకి రాదండీ."

"మా ఆఫీసువాళ్ళు నాకే ఇంత కచ్చితంగా ఇవ్వరు. ఇంతకీ రోజూ ఎన్నింటికొస్తుంది?"

అక్క చేతిలో అట్లకాడ ఆగింది. ఆ ఆగడం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పురుగుని చూసిన బల్లి కూడా అలాగే ఆగుతుంది.

"రాదండీ. మనమే వెళ్ళి ఇచ్చి రావాలి."

"పనికి రాదు, జీతం మాత్రం మోసుకెళ్ళి ఇవ్వాలా!"

"మరి? ఏడాది మొత్తం మీద రెండొందల యాభై అయినా ముట్టకపోతే యాభై జరిమానా."

"జరిమానా మనకా?"

"ఆవిడకి వేస్తారా ఏంటి?"

బావ నా వైపు తిరిగాడు. "విన్నావా బామ్మర్దీ? పాపని తనే చూసుకుంటానని మానేసింది మీ అక్క. ఇప్పుడు మళ్ళీ ఇంకో మనిషి."

"మానెయ్యమన్నది మీరు," అంది అక్క. "పద్దెనిమిది వేల జీతం. పాపని చూసేచోట ఆరు, ఆటోకి మూడు, ఓపిక లేక కర్రీ పాయింటుకి మూడు, ఇస్త్రీకీ చీరలకీ ఒకటి. మిగిలిన అయిదు కోసం పాపని రోజంతా పరాయివాళ్ళకిస్తామా అన్నదెవరు?"

"నేనే. అందుకేగా సాయంత్రం బజ్జీలు మానేశాను! పట్నం బజారు నుంచి నెల సామాను భుజాన మోస్తున్నాను. కొల్లి శారద మార్కెట్లో బేరమాడి టమాటాలు తెస్తున్నాను."

"బేరమాడేసరికి అవి మెత్తబడుతున్నాయి. వారంలో నాలుగు రోజులు చారే."

బావ చారు సంగతి వదిలేశాడు. "ఎన్నాళ్ళకి మాట్లాడావు?"

"పదిహేనేళ్ళు కట్టాలి. ఉండేది ఇరవై ఒకటి."

"మిగతా ఆరేళ్ళూ ఊరికే చేస్తుందా?" గొంతులో కొంచెం ఆశ. వెంటనే సర్దుకుని, "వయసెంత?" అన్నాడు.

"2015లో పుట్టింది."

పుస్తకం కిందపడింది. "చిన్నపిల్లనే! పద్నాలుగేళ్ళు నిండనివాళ్ళని పనిలో పెట్టుకుంటే జైలు తెలుసా? కింద ఇంటివాళ్ళకి తెలిసిందంటే..."

"గవర్నమెంటే పెట్టిందండీ."

బావ పీట మీద కూలబడ్డాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నడుము నొప్పి అని ఒక్కమాట చెబితే పెద్ద మనిషిని ఎవరినైనా నేనే చూసేవాణ్ణి కదే. రాత్రి పాప ఏడ్చినప్పుడల్లా నువ్వే లేస్తున్నావు. నాకు తెలీదా?" అన్నాడు.

అక్క పొయ్యి వైపు తిరిగిపోయింది. ఇక చెప్పేస్తుందనుకున్నాను.

"తెలిస్తే లేవచ్చుగా."

"నేను కళ్ళు తెరిచేసరికి నువ్వు లేచి ఉంటావు."

"ఒక కన్ను ముందు తెరవండి." ఇంకో అట్టు తెచ్చి ఆయన చేతికిచ్చింది. అల్లం ఎక్కువ, ఉల్లిపాయ ఎక్కువ. నా అట్టులో అన్ని లేవు, నేను చూశాను. "భయపడకండి. పాపకి పద్దెనిమిది నిండి చదువుకి కావాలంటే, అప్పటిదాకా చేరినదాంట్లో సగం వరకూ తిరిగిస్తుంది."

"ఎవరు?"

"సుకన్య. వడ్డీతో కలిపి. మనం మొదలుపెట్టినప్పుడు 8.2 శాతం."

"పనిమనిషి... వడ్డీ..." బావ అట్టు తుంపి నోటిదాకా తెచ్చి ఆపేశాడు. నాకు పొలమారింది. నేను దగ్గుతుంటే నన్ను చూశాడు, అక్కని చూశాడు, కిందపడ్డ పుస్తకాన్ని చూశాడు.

"పోస్టాఫీసా?"

"సుకన్య సమృద్ధి. ఆడపిల్లల పేర వేసే పొదుపు. ఖాతా తెరిచిన రోజే చెప్పాను. మీరు క్రికెట్ చూస్తూ ఊఁ అన్నారు."

"ఎవరు అవుటయ్యారో అప్పుడు."

"మీరే."

ఇంతలో బావ ఫోన్ మోగింది. పేరు చూడగానే ఆయన మొహం పాలిపోయింది. పుస్తకం రాత్రే చదివాడట. తెల్లవారుజామునే వాళ్ళమ్మకి చెప్పేశాడట. ఎత్తనా వద్దా అని ఆయన తేల్చుకునేలోగా అక్క లాక్కుని స్పీకర్ పెట్టింది.

"ఒరేయ్, తెనాలిలో బస్సెక్కాను. నేనొచ్చేదాకా ఆ పిల్లని పంపెయ్యకు. నెలకి వెయ్యికి దొరికిందంటే నాక్కూడా ఒకతిని మాట్లాడమను!"

"మీకు ఇవ్వరండీ అత్తయ్యా," అంది అక్క చాలా వినయంగా. "పదేళ్ళు దాటితే కుదరదట."