మేనత్త నిజంగా కామెర్లతోనే పోయిందా?

విశాఖలో ఏ క్యాన్సర్ ఓపీలోనైనా రోగిని తప్పక అడిగే ప్రశ్న, 'మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?' తండ్రి ఫైలు పట్టుకున్న కొడుకు ఠక్కున 'లేదండీ' అనేస్తాడు. 'మీ మేనత్త కామెర్లతో పోయింది కదరా' అని తల్లి పక్కన గొణుగుతుంది. ఆమెకు పసరు పోయించారు, తగ్గలేదు, పోయింది. క్లోమం (పాంక్రియాస్) తల భాగంలో గడ్డ లేచి పిత్తనాళాన్ని నొక్కేసినా ఒళ్లు పచ్చబడుతుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

అందుకే క్లోమ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ వంశపారంపర్య జన్యు పరీక్ష చేయాలి. ఖర్చు రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవే పెట్టుకోవాలి. అందరికీ పరీక్ష చేయాలన్న మాట అమెరికా వైద్య మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి.

క్లోమ క్యాన్సర్ గడ్డల్లో 90 శాతానికి పైగా కనిపించే కేరాస్ అనే జన్యువులోని మార్పు పుట్టుకతో వచ్చేది కాదు, దానికి పిల్లలు భయపడక్కర్లేదు. భయమల్లా బీఆర్‌సీఏ2, ఏటీఎం, పాల్‌బీ2 లాంటి జన్యువుల్లో తరాలుగా దిగే లోపాలతోనే. అవి ఉండేది నూటికి ఐదు నుంచి పది మందిలో, దానికోసం అందరికీ టెస్టులూ టెన్షనూ ఎందుకు, కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకు చేస్తే చాలదా అనేవాళ్లున్నారు. మనం చెప్పే కుటుంబ చరిత్ర ఏపాటిదో చూశాం కదా!

తండ్రిలో బయటపడ్డ బీఆర్‌సీఏ2 లోపం కూతురికి వచ్చే అవకాశం సగానికి సగం. ఆమెకు అది రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు. ముందే తెలిస్తే ఏటా ఎమ్మారై తీయించుకోవచ్చు, పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకోవచ్చు. అంటే తండ్రి రిపోర్టు కూతురి ప్రాణం నిలబెట్టగలదు. తండ్రికీ ఎంతోకొంత లాభమే. ఇలాంటివాళ్ల మీద ప్లాటినం కీమో బాగా పనిచేస్తుంది. 2019లో వెలువడిన ట్రయల్‌లో ఓలాపరిబ్ మాత్రలు వ్యాధిని అదుపులో ఉంచిన కాలాన్ని 3.8 నెలల నుంచి 7.4 నెలలకు పెంచాయి.

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు అడ్డం పెళ్లి సంబంధాలు. జాతకం పదిమందికి చూపిస్తాం, జబ్బు మాత్రం చుట్టాల దగ్గరా దాస్తాం. లోపం కొడుక్కీ అంతే అవకాశంతో వస్తుంది, సంబంధం తప్పిపోయేది మాత్రం ఆడపిల్లకే! కాబట్టి పరీక్ష ఉచితం చేసి ఊరుకుంటే సరిపోదు. కేజీహెచ్‌లోనైనా, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలోనైనా రిపోర్టు ఇచ్చేరోజు రోగి అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిలిపించి, తలుపు వేసి, తెలుగులో విడమరిచి చెప్పే కౌన్సెలర్ ఉండాలి. ఆ జీతం కూడా పథకం లెక్కలోనే రాయాలి.