చిక్కుకుపోతే ఎన్నాళ్లు తట్టుకోగలం?

సెలవులకు టికెట్లు కొనేశాక, ప్రయాణం ఇంకో నెలలోనో రెండు వారాల్లోనో ఉందనగా, వెళ్లాల్సిన దేశంలో గొడవలు మొదలైతే ఇంట్లో ఎలాంటి చర్చ జరుగుతుందో అందరికీ తెలుసు. ఒకరు టీవీ చూసి వద్దంటారు. ఇంకొకరు డబ్బంతా పోతుంది, వెళ్దామంటారు. సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగితే "ఏం పర్లేదు వదినా, మా తమ్ముడు వాళ్లు నిన్ననే వచ్చారు, అంతా మామూలుగానే ఉందట" అని ఒకరు, "అయ్యో, పిల్లల్ని వేసుకుని ఇప్పుడు అక్కడికా!" అని మరొకరు. ఇద్దరూ మన మంచి కోరేవాళ్లే. ఇద్దరూ జవాబిస్తున్నది మాత్రం "అక్కడ ప్రమాదం ఉందా" అన్న ప్రశ్నకి. కుటుంబంతో బయల్దేరేవాళ్లు ముందు అడగాల్సింది వేరే ఉందని నా గట్టి అభిప్రాయం. అక్కడ దారులు మూసుకుపోతే బయటపడటానికి ఇంకెన్ని దారులున్నాయి? అవి తెరుచుకునేదాకా మా ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు ఆగగలరు?

ఎందుకంటే రాజకీయ ఆందోళనల్లో కోపం సాధారణంగా అక్కడి ప్రభుత్వం మీద ఉంటుంది, యాత్రికుల మీద కాదు. యాత్రికులకు ఎక్కువగా వచ్చే కష్టం ఇరుక్కుపోవడం. 2008 నవంబరు చివర్లో బ్యాంకాక్‌లో ప్రభుత్వ వ్యతిరేకులు సువర్ణభూమి విమానాశ్రయంలోనే బైఠాయించారు. వారం రోజుల పాటు విమానాలు ఎగరలేదు, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. 2019 ఆగస్టులో హాంకాంగ్‌లో, అదే ఏడాది అక్టోబరులో బార్సిలోనాలో కూడా ఆందోళనకారులు విమానాశ్రయాలకే వచ్చి కూర్చున్నారు. లోకం దృష్టి పడాలనుకునేవాళ్లకి అంతకన్నా మంచి చోటు ఉండదు మరి.

దక్షిణ అమెరికాలోని పెరూ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2022 డిసెంబరు 7న అక్కడి పార్లమెంటు అధ్యక్షుడు పెద్రో కాస్టియోను పదవి నుంచి తొలగించింది. దక్షిణ ప్రాంతం భగ్గుమంది. మచు పిచ్చు అనే పురాతన నగరం ఉన్న కొండ కింద అగ్వాస్ కాలియెంతెస్ అని చిన్న ఊరుంది, యాత్రికుల్లో చాలామంది బస చేసేది అక్కడే. ఆ ఊరికి బయటి నుంచి కారు రోడ్డు లేదు, దాదాపు అందరూ వచ్చేదీ పోయేదీ రైల్లోనే. ఆ రైలు ఆగిపోయింది. దగ్గర్లోని పెద్ద ఊరు కుస్కో విమానాశ్రయం కూడా కొన్ని రోజులు మూతపడింది. వందల మంది అక్కడే ఉండిపోయారు. ఓపికున్నవాళ్లు కొందరు పట్టాల వెంట నడక మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ గుంపులో మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మనీ, చంకలో పిల్లాడున్న కోడల్నీ ఊహించుకోండి. ఆ ఊళ్లో పెద్ద గొడవేమీ లేదు. ఉన్న ఒక్క దారీ పోయింది, అంతే. ఆ ప్రయాణం గురించి ముందే "గొడవలు ఎంత దూరంలో ఉన్నాయి" అని అడిగినవాళ్లకి ధైర్యం చెప్పే జవాబే దొరికి ఉంటుంది. "రైలు ఆగితే ఎలా వస్తాం" అని అడిగినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగేవారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది పారిస్. 2018 చివర్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా పసుపు చొక్కాల ఉద్యమం నడిచినప్పుడు టీవీలో చూస్తే ఊరంతా తగలబడిపోతున్నట్టే ఉండేది. షాంజెలిజే అనే పేరున్న పెద్ద వీధి మీద మంటలు, బాష్పవాయువు, పగిలిన అద్దాలు. కానీ ఆ గొడవలు ప్రధానంగా శనివారాల్లో, తెలిసిన వీధుల్లో జరిగేవి. డిసెంబరు 8న ఈఫిల్ టవర్‌నీ లూవ్ర్ మ్యూజియాన్నీ మూసేస్తామని ముందే చెప్పారు. శనివారం ఊరికి దూరంగా గడిపి మిగతా రోజులు పారిస్ చూడటం కుదిరే పని. వచ్చే దారులూ పోయే దారులూ బోలెడు. టీవీలో పెరూ కన్నా పారిసే భయంకరంగా కనిపించింది. కుటుంబానికి కష్టమైంది మాత్రం పెరూయే.

అంతమాత్రాన మంటల్ని తేలిగ్గా తీసుకోమని కాదు. 2025 సెప్టెంబరులో నేపాల్ రాజధాని కాఠ్మాండూలో రెండు రోజుల్లో పరిస్థితి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూశాం. సోషల్ మీడియా నిషేధం మీద 8న యువకులు వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 9న ప్రధాని రాజీనామా చేశారు, పార్లమెంటు తగలబడింది, పేరున్న హిల్టన్ హోటల్ కూడా కాలిపోయింది. ఆ మధ్యాహ్నం మూతపడిన విమానాశ్రయం మర్నాడు సాయంత్రానికి గానీ తెరుచుకోలేదు. పెద్ద హోటల్లో దిగితే భద్రం అనే నమ్మకం మనవాళ్లలో చాలామందికి ఉంది. ప్రభుత్వ భవనాలకి దగ్గరగానో, అధికారంలో ఉన్నవాళ్ల పేరుతో ముడిపడో ఉన్న హోటల్ కన్నా, విమానాశ్రయం వైపు దారి ఉన్న మామూలు హోటలే అలాంటప్పుడు మేలు.

ప్రభుత్వాలు ఇచ్చే ప్రయాణ హెచ్చరికల (ట్రావెల్ అడ్వైజరీల) మాటకొస్తే, వాటిని మనం అంకె చూసి వదిలేస్తున్నాం. అమెరికా విదేశాంగ శాఖ దేశాలకి 1 నుంచి 4 దాకా స్థాయిలిస్తుంది. 1 అంటే మామూలు జాగ్రత్త చాలు, 2 అంటే మరికాస్త జాగ్రత్త, 3 అంటే ప్రయాణం మళ్లీ ఆలోచించుకోండి, 4 అంటే వెళ్లొద్దు. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, భారత్ కొన్నేళ్లుగా రెండో స్థాయిలోనే ఉన్నాయి. కాబట్టి 2 అని చూసి కంగారు పడాల్సిందేమీ లేదు, అలాగని ఆ అంకె మనకి చెప్పేదీ పెద్దగా లేదు. విషయమంతా కింది పేరాల్లో ఉంటుంది. ఏ రాష్ట్రం, ఏ సరిహద్దు, ఏ కారణం అని విడివిడిగా రాస్తారు. స్థాయి పక్కన ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అందులో 'యు' అంటే ప్రజా ఆందోళనలు, 'సి' అంటే నేరాలు, 'టి' అంటే ఉగ్రవాదం. పేజీ ఎప్పుడు మార్చారో తారీఖు కూడా ఉంటుంది, అది పాతదైతే నిన్నటి గొడవ అందులో ఉండదు. నేనైతే ఒకే దేశం మాట మీద ఆధారపడను. అమెరికాతో పాటు బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పేజీలు కూడా పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. నలుగురూ ఒకే జిల్లా పేరు చెప్తుంటే అది పట్టించుకోవాల్సిన విషయం. బ్రిటన్ హెచ్చరికకి ఇంకో బరువుంది. అత్యవసరమైతే తప్ప వెళ్లొద్దని వాళ్లు రాసిన చోటికి వెళ్తే బ్రిటన్‌లో కొన్న ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలావరకు చెల్లవు.

గొడవలు ఎప్పుడు ముదురుతాయన్నది కూడా పూర్తిగా తెలియని సంగతేమీ కాదు. ఎన్నికల ఫలితాలు, పెద్ద కోర్టు తీర్పు, పన్నుల బిల్లు మీద ఓటింగు, పాత ఘటన వార్షికోత్సవం, వీటన్నిటికీ తారీఖులుంటాయి. కెన్యాలో 2024 జూన్ 25న ఆర్థిక బిల్లు మీద ఓటింగు రోజునే జనం పార్లమెంటులోకి చొరబడ్డారు. ఏడాది తిరిగేసరికి, 2025 జూన్ 25న, అదే రోజు గుర్తుగా మళ్లీ వీధుల్లోకి వచ్చారు, మళ్లీ ప్రాణాలు పోయాయి. నైరోబీ మీదుగా సఫారీకి వెళ్లే కుటుంబం ఆ ఒక్క రోజు తప్పించుకునేలా టికెట్టు మార్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఊరికే గూగుల్లో "సేఫా కాదా" అని వెతికే బదులు ఆ దేశపు రాబోయే నెల క్యాలెండరు ఒకసారి చూడండి.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. నిర్ణయం తీసుకునేది సాధారణంగా ఇంట్లో ఓపికున్నవాళ్లు, భరించాల్సి వచ్చేది ఓపిక లేనివాళ్లు. ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. ముప్పై ఐదేళ్లవాడికి హోటల్ గదిలో నాలుగు రోజుల కర్ఫ్యూ అంటే విసుగు, అంతే. ఇన్సులిన్ వాడే నాన్నకి, డయాలసిస్ అవసరమైన అత్తయ్యకి, ఆరోనెల గర్భంతో ఉన్న చెల్లికి అది విసుగుతో పోదు. తిరుగు ప్రయాణం వారం ఆలస్యమైనా సరిపడా మందులున్నాయా, కర్ఫ్యూలో ఆస్పత్రికి చేరగలమా అని ఆ మనిషి పేరు పెట్టి అడగాలి. జవాబు తడబడితే ఆ ప్రయాణం ఇప్పుడు వద్దు. దీని మీద నేను రాజీపడను.

విదేశాల్లో స్థిరపడ్డ మన కుటుంబాల్లో ఇంకో చిక్కుంది, స్థానికులకి ఇది తట్టదు. ఒకే ఇంట్లో రెండు మూడు రకాల పాస్‌పోర్టులుంటాయి. పిల్లలది అమెరికా, తల్లిదండ్రులది భారత్, చూడటానికి వచ్చిన తాతయ్య విజిటర్ వీసా మీద. మూడో దేశంలో గొడవ ముదిరినప్పుడు ఏ దేశపు ఎంబసీ అయినా తన పౌరుల్నే ముందు చూసుకుంటుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి భారత్ ఇచ్చేది) ఉన్నా మీరు భారత పౌరులు కారు, అక్కడి భారత ఎంబసీకి మీ బాధ్యత ఉండదు. విమానం దారి మళ్లి ఇంకో దేశంలో దిగితే అందరికీ ఒకే ట్రాన్సిట్ వీసా నిబంధన వర్తించదు. పిల్లలు ఎక్కగలిగిన విమానం అమ్మ ఎక్కలేని పరిస్థితి రావచ్చు. అందుకే బయల్దేరే ముందే అమెరికా పౌరుల పేర్లు అమెరికా విదేశాంగ శాఖ నడిపే స్టెప్ అనే నమోదులో, భారతీయుల పేర్లు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. ఎవరు ఎవరితో కదలాలో ముందే అనుకోవాలి. ప్రభుత్వం వచ్చి ఇంటికి చేరుస్తుందన్న ధీమా కూడా వద్దు. అమెరికా ప్రత్యేక విమానం పంపినా సాధారణంగా ఛార్జీ తర్వాత కడతామని సంతకం తీసుకుంటుంది, దింపేది దగ్గర్లోని సురక్షితమైన చోట. అక్కడి నుంచి ఇంటికి రావడం మన పనే.

చిన్న విషయంలా కనిపించే కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో ఉద్యోగాల కోటా ఆందోళనలు ముదిరినప్పుడు 18వ తేదీ నుంచి ఇంటర్నెట్ తెగిపోయింది. బ్రాడ్‌బ్యాండ్ కొంతైనా తిరిగొచ్చేసరికి ఐదు రోజులు పట్టింది, మొబైల్ ఇంటర్నెట్‌కి ఇంకా ఎక్కువ. పైన కర్ఫ్యూ. వేలాది భారతీయ విద్యార్థులు రోడ్డు మార్గాన సరిహద్దు దాటి వచ్చారు. ఇలాంటి కర్ఫ్యూల్లో విమానాశ్రయానికి వెళ్లేవాళ్లని టికెట్టూ పాస్‌పోర్టూ చూసి వదలడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. మరి టికెట్టు ఈమెయిల్లో ఉండి, ఈమెయిల్ తెరుచుకోకపోతే చెక్‌పోస్టు దగ్గర సైనికుడికి ఏం చూపిస్తారు? టికెట్టు, హోటల్ చిరునామా, ఎంబసీ ఫోన్ నంబరు, మందుల చీటీ కాగితం మీద ఉండాలి, పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరి సంచిలో ఒక కాపీ. చిన్న నోట్లలో నగదు కూడా. 2011లో ఈజిప్టులో ఇంటర్నెట్టే కాదు, బ్యాంకులు కూడా వారం మూసేశారు.

డబ్బు పోతుందన్న భయంతో చాలామంది ప్రయాణానికి కట్టుబడిపోతారు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి "భయమేసి మానుకున్నాం" అన్నది కారణం కాదు, గొడవ వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీకి ఆ గొడవ వర్తించదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే వీలున్న పాలసీలున్నాయి, వాటిని మొదటి డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, తిరిగొచ్చేది సాధారణంగా సగం నుంచి ముప్పాతిక వంతు. విమానం టికెట్టు విషయంలో తొందరపడి మీరే రద్దు చేసుకోవద్దు. ఎయిర్‌లైన్ తనంతట తను రద్దు చేస్తే, అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి పోయే విమానాలకి డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వాల్సిందే. అంతర్జాతీయ ప్రయాణం ఆరు గంటలకు మించి మారి, ఆ మార్పు మీకు వద్దనుకున్నా అంతే. అంతకు ముందే ఛార్జీ లేకుండా తేదీ మార్చుకోమని ఎయిర్‌లైన్లు తరచూ ప్రకటిస్తాయి, రోజూ చూస్తుండాలి.

ఇవన్నీ చూశాక ప్రయాణానికి వారం ముందు ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకి ఏం మారకపోతే వెళ్తాం, ఏం జరిగితే మానేస్తాం అని ఇప్పుడే రాసుకోండి. విమానాశ్రయం మూతపడితే, కర్ఫ్యూ పెడితే, ఇంటర్నెట్ తీసేస్తే, ఇలా. ముందే అనుకుని ఉంటే ఆ రోజు ఇంట్లో గొడవ పడక్కర్లేదు. ఇంట్లో ఏ ఒక్క పెద్దమనిషైనా, అది వదినైనా మావయ్యైనా, "నాకు మనసొప్పడం లేదు" అంటే ఆ మాటకి బలం ఉండాలి. పిరికితనమని ఎగతాళి చేయడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. పిల్లల ముందు అలా అనడం మరీ తప్పు.

వాయిదా వేస్తే ఆ దేశానికి మొహం చాటేసినట్టేమీ కాదు. శ్రీలంకలో 2022 జులైలో జనం అధ్యక్షుడి భవనంలోకి వెళ్లారు. ఆ ఏడాది మొత్తానికి వచ్చిన యాత్రికులు ఏడు లక్షల చిల్లర. 2024లో ఇరవై లక్షలు దాటారు. వాళ్లలో తేదీ మార్చుకుని వచ్చినవాళ్లూ ఉండే ఉంటారు. అక్కడి గైడుకీ, డ్రైవరుకీ, హోటల్లో వంట చేసే అమ్మాయికీ ఆ ఆలస్యంగా వచ్చిన యాత్రికుల డబ్బు ఎంతో అవసరమైంది. రద్దు చేస్తున్నప్పుడు చిన్న హోటల్‌కి రాసే మెసేజ్‌లో డబ్బు వెనక్కి అడగడానికి ముందు తేదీ మారుస్తారా అని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.