ఒకటిన్నర అక్షరం

నా ఉద్యోగం పేరు డ్రైవర్ కమ్ మెయింటెనెన్స్. కైకలూరు వైపు, కొల్లేటికి దగ్గర్లో చేపపిల్లల్ని పుట్టించే ఒక హేచరీలో. ఇందులో డ్రైవర్ అంటే ఏమిటో లోకమంతటికీ తెలుసు. మెయింటెనెన్స్ అంటే ఏమిటో మా ఓనరు గారికి తెలుసు. మధ్యలో ఉన్న ‘కమ్’ సంగతే ఇంతవరకు ఏ పండితుడూ తేల్చలేదు. పన్నెండేళ్లుగా దాని కింద నలుగుతున్నవాడిగా ఆ భారం నేనే ఎత్తుకుంటున్నాను.

చూడ్డానికి ఒకటిన్నర అక్షరం. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కొల్లేట్లో కలిసినట్టు, హేచరీలో ఎవరూ చెయ్యని పనులన్నీ వచ్చి ఈ ‘కమ్’లో కలుస్తాయి. నీళ్లు పీల్చే పైపు చివర ఫుట్‌వాల్వులో నాచు తియ్యడం, ఆక్సిజన్ సిలిండర్లు దింపడం, కాలిన స్టార్టరు విప్పడం దాకా సరే. ఓనరు గారి అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం డ్రైవరు పని, తిరిగొచ్చాక ఆవిడ మిక్సీ బాగుచెయ్యడం మెయింటెనెన్సు పని. డాక్టరు దగ్గర రెండు గంటలు కూర్చుని ఆవిడ కోడళ్ల కథలు వినడం మాత్రం శుద్ధ ‘కమ్’.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటి చేపలు పట్టింపున్న రకం. చెరువులో మేత తింటాయి, బలుస్తాయి, కడుపులో గుడ్లు కూడా కడతాయి. పెట్టవు. వానాకాలం, ఏటికి కొత్తనీరు, పారే ప్రవాహం ఉంటేనే పెడతాయి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజక్షన్‌గా ఇచ్చి వాటి పట్టుదల సడలించాడు. అందుకే ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇప్పుడు మా టెక్నీషియన్ గారు సాయంత్రం తల్లి చేపలకి ఇంజక్షన్ ఇచ్చి, చేతులు కడుక్కుని, టిఫినుకి వెళ్తారు. గుండ్రటి సిమెంటు ట్యాంకులో నీళ్లు తిరుగుతూ ఉండాలి. ఏరొచ్చిందని చేప నమ్మాలి. ఆ ఏరు నేనే. అంటే, నేను వేసే మోటారు.

అర్ధరాత్రికి అవి లక్షల్లో గుడ్లు పెడతాయి. గుడ్లు పక్క ట్యాంకులోకి వెళ్తాయి. అక్కడ అడుగున బాతు ముక్కు లాంటి పైపులు ఉంటాయి, వాటిలోంచి ఏటవాలుగా నీళ్లు చిమ్ముతుంటే గుడ్లు గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. నీళ్లు ఆగాయా, అన్నీ అడుక్కి చేరి కుప్పపడి ఊపిరాడక పోతాయి. పిల్ల బయటికి రావడానికి పదిహేను, పద్దెనిమిది గంటలు, ఆ పిల్ల పొట్టకింద సంచిలో సొన అయిపోయేదాకా ఇంకో మూడు రోజులు. మొత్తమ్మీద నాలుగు రోజులు ఏరు ఆగకూడదు.

చేపలకి వానాకాలం కావాలి. వానొస్తే కరెంటు పోతుంది. సృష్టిలో ఈ చిన్న పొరపాటు ఉందని దేవుడికి ఆలస్యంగా తెలిసుండాలి, అప్పుడు నన్ను పుట్టించాడు.

మొన్న ఆషాఢంలో ఒక రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. హేచరీలో పడుకునేవాడు చప్పుడికి లేవడు, చప్పుడు ఆగితే లేస్తాడు. మోటారు లేదు, బయట గాలివాన. పైన ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉన్న నీళ్లు ఎంతసేపొస్తాయో నాకు తెలుసు, గుడ్లకి తెలీదు. జనరేటర్ సెల్ఫ్ కొడితే ‘టక్’ అని ఊరుకుంది. బ్యాటరీ చచ్చింది. టార్చి నోట్లో పెట్టుకుని, వ్యాను బానెట్ ఎత్తి, పది నంబరు స్పానరుతో దాని బ్యాటరీ ఊడదీసి, జారే గట్టుమీద బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాను. జనరేటర్ వైరు క్లిప్పులకి తెల్లగా బూజులా పట్టి ఉంటే బ్లేడుతో గీకి బిగించాను. నల్లపొగ కక్కి అందుకుంది. ట్యాంకులో చెయ్యి పెట్టి చూశాను. నానిన సగ్గుబియ్యంలా గుడ్లు అరచేతికి తగులుతూ మళ్లీ తిరగడం మొదలెట్టాయి. కథ ఇక్కడితో అయిపోతే నేనూ ఒక శాస్త్రవేత్తనే.

తెల్లవారుజామున ఐదింటికి అరవై చేపపిల్లల ప్యాకెట్లు లోడు చేసి ఉన్న వ్యాను కదల్లేదు. ఓనరు గారు వచ్చారు.

“బండి ఎందుకు కదల్లేదయ్యా?”

“మెయింటెనెన్సోడు బ్యాటరీ పీక్కుపోయాడండీ,” అన్నాను డ్రైవరుగా.

“పిలువు వాణ్ని.”

“వచ్చాడండీ.”

“చెప్పకుండా బండి బ్యాటరీ ఎందుకు పీకావు?”

జనరేటర్ బ్యాటరీ మార్చమని మూణ్ణెల్లుగా మొత్తుకుంటున్నానన్న మాట మెయింటెనెన్సు నోటిదాకా వచ్చింది. డ్రైవరుకి పిల్లల ఫీజులు గుర్తొచ్చి ఆ నోరు మూశాడు. జీతం ఇచ్చేటప్పుడు ఇద్దర్నీ ఒక్కడిగా చూసే ఓనరు గారు, తిట్టేటప్పుడు మాత్రం ఎవరి వాటా వాళ్లకి విడివిడిగా ఇచ్చారు. న్యాయమంటే అదీ.

ప్రయాణికుల గురించి కూడా చెప్పాలి. ముందురోజు నుంచి వీళ్లకి మేత పెట్టరు, దారిలో నీళ్లు పాడుచెయ్యకుండా. ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. ఎండ తగలకూడదని రాత్రిపూటో తెల్లవారుజామునో ప్రయాణం. కునుకు రాకుండా నేను పచ్చిమిరపకాయ నములుతుంటాను. దిగేచోట సంచిని విప్పకుండా పావుగంట చెరువులో తేల్చాలి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలి కదా. పెళ్లికొడుక్కి కూడా ఇంత మర్యాద జరగదు. వీళ్లని మా భాషలో ‘ఫ్రై’ అంటారు. మా దగ్గర ఫ్రై బతికుంటుంది. ఊరు దాటాక ఆ మాటకి అర్థం మారిపోతుందని నేను వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

తెలంగాణలో 2016లో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలెట్టాక మా వైపు బళ్లు అటూ తిరిగాయి. లెక్క తమాషాగా ఉంటుంది. ఒక కప్పులో ఎన్నున్నాయో లెక్కపెట్టి, కప్పులతో హెచ్చవేస్తారు. ఆ మొదటి కప్పు ఎవరు ముంచారన్నదాన్ని బట్టి చెరువు జనాభా లక్షల్లో పెరుగుతుంది, తగ్గుతుంది. లెక్కల్లో వెనకబడినవాణ్ని కాబట్టి దీనిమీద ఇంతకుమించి మాట్లాడను. ఒకసారి ఒక ఊళ్లో, పేరు వద్దు, పిల్లల్ని వదలడానికి అతిథి వచ్చేసరికి పదకొండైంది. అందాకా సంచులమీద తడి గోనెలు కప్పి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. ఆయన ఒక సంచి వంచారు, చప్పట్లు కొట్టారు. ఫొటోలోంచి నన్ను పక్కకి జరగమన్నారు, బనీను మీద గ్రీజుందని.

జులై 10న మా దగ్గర చిన్న సభ జరిగింది. ఓనరు గారికి శాలువా, టెక్నీషియన్ గారికి జ్ఞాపిక. ‘తెర వెనుక శ్రమించే వారికి’ అని వక్త అంటుండగా మైకు ఆగిపోయింది. అందరూ నావైపు చూశారు. నా గురించి ఏమనబోయారో ఇప్పటికీ తెలీదు, అప్పటికి నేను స్టేజీ కింద ఫ్యూజు వెతుకుతున్నాను.

పోయిన వారం నైట్ వాచ్‌మన్ మానేశాడు. ఓనరు గారు పిలిచి, “నువ్వెలాగూ రాత్రిళ్లు మెలకువగానే ఉంటావుగా,” అన్నారు.

“ఒక పేరులో రెండు ‘కమ్’లు పెట్టడానికి వ్యాకరణం ఒప్పుకుంటుందాండీ?” అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. “కనుక్కుందాం. ముందు జనరేటర్‌లో డీజిల్ ఎంతుందో చూడు,” అన్నారు.